మూడు కాన్పులు, మూడు సంచులు

2013 సెప్టెంబరు 20, శుక్రవారం. ఆ పొద్దున మార్కండేయ తిన్నది రెండు జొన్నరొట్టెలు, పక్కింటి పెద్దవ్వ గోడమీంచి అందించిన పుంటికూర పప్పు. ఏళ్లు గడిచినా ఆ తేదీతో పాటు ఆ రొట్టెలు కూడా ఆయనకు గుర్తుండిపోవడానికి కారణం ఉంది. మళ్లీ రాత్రిదాకా ఆయన నోట్లో పడ్డది ఒక్క కప్పు చాయ మాత్రమే.

ఆయన పోలీసు కాదు. ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుగా తిరిగి రిటైరైన మనిషి. భార్య పోయి నాలుగేళ్లయింది. ఇంట్లో గడియారం చప్పుడు వింటూ కూర్చోలేక, కామారెడ్డిలోని అమృతవల్లి ఆసుపత్రి వాళ్లు పిలిస్తే మూడు నెలల కిందట ఈ పనికి ఒప్పుకున్నాడు. ఎవరికి ఏ వైద్యం జరిగిందో రాసే నాణ్యత పుస్తకం అక్కడ మేడమీద ఉండేది. పనివాళ్లకు దెబ్బ తగిలితే రాసే ప్రమాదాల పుస్తకం కింద ఆఫీసులో ఉండేది. చెత్త ఏ రంగు సంచిలో ఎంత పోయిందో రాసే పుస్తకం వెనక గోదాములో ఉండేది. ఒకదాని ముఖం ఒకటి ఎన్నడూ చూసి ఎరగవు. ఆ మూడింటినీ ఒక పద్ధతి కిందికి, ఒక బల్లమీదికి తేవడం మార్కండేయ పని. సోమవారం హైదరాబాదు నుంచి తనిఖీ వాళ్లు వస్తారు. వాళ్లు సరే అంటే ఆసుపత్రికి సర్టిఫికెట్టు.

పొద్దున పదింటికి ఆయన గదిలోకి ముగ్గురు వచ్చారు. ముందు ఎస్సై పర్శరాములు. వెనకాల గోడ పట్టుకుని ఒక్కొక్క అడుగే వేస్తున్న ఇరవై ఏళ్ల లాలి. ఆమెను పట్టుకున్న మామ భీమ్‌సింగ్. గాంధారి దగ్గరి తండా వాళ్లు. లాలి పెనిమిటి తుల్జారాం చెరుకు నరకడానికి మహారాష్ట్ర పోయి ఉన్నాడు.

లాలి నిలబడలేకపోవడం చూసి మార్కండేయ తన కుర్చీ ముందుకు జరిపాడు. "కూసో బిడ్డా."

"కుర్చీలు వేసి కూసోబెట్టే కేసు కాదు సారు ఇది," అన్నాడు పర్శరాములు. "మొన్న పద్దెనిమిదో తారీకు, గణపతి నిమజ్జనం నాడు, ఇదే దవాఖానల కానుపైంది అంటది. బిడ్డ చచ్చిపుట్టిందని చెప్పి పంపించిండ్రంట. కాని ఏడ్చింది, నేను విన్న అంటది. మీ పుస్తకంల పేరు లేదు, చీటీ లేదు, బిల్లు లేదు. నాకు తెలిసిన సంగతి ఒక్కటే. ఆడపిల్ల పుట్టింది, ఇంట్లనే పుట్టింది, వీళ్లే ఎవరికో ఇచ్చిండ్రు. ఇప్పుడు తల్లికి మనసు మారింది. సాయంత్రం అయిదింటికి ఇద్దరిని స్టేషన్‌ల కూసోబెట్టి కేసు రాస్త."

"ఆడపిల్ల అని నీకెవరు చెప్పిండ్రు?" అని మార్కండేయ మెల్లగా అడిగాడు.

ఎస్సై టోపీ సవరించుకున్నాడు. "తండాల ఇంకేముంటది సారు."

భీమ్‌సింగ్ తల వంచుకున్నాడు. లాలి వంచుకోలేదు. "సారు, నేను చదువుకోలే. కాని నా బిడ్డ గొంతు నాకు తెల్వదా? ఒక్కపారి కాదు, రెండుపార్లు ఏడ్చింది. తర్వాత తలుపు ఏసిండ్రు."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె పైట ముందువైపు తడిసి ఉండటం మార్కండేయ చూశాడు. పాలు. చూసి, చూడనట్టు ముఖం తిప్పుకుని కిటికీ రెక్క వేశాడు.

"ఎట్ల వచ్చిండ్రు బాపు?" అని భీమ్‌సింగ్‌ను అడిగాడు.

"ఆటోల సారు. మూడింటికి. ముంగట రోడ్డంత గణపతులు, డప్పులు. ఆటోడు వెనక గేటుకు తెచ్చిండు. ఒక సిస్టరమ్మ ఉరుక్కుంట వచ్చి లోపలికి గుంజుకపోయింది. పేరు తర్వాత రాద్దాం, ముందు మనిషిని చూద్దాం అన్నది. నన్ను గేటు కాడ్నే నిలబెట్టింది. చీకటి పడంగ పిల్లను ఆటోల ఎక్కించి, బిడ్డ దక్కలే, కాయితాలు రాస్తే పోలీసు కేసు అయితది, చప్పుడుజేయక పొమ్మన్నది."

"ఆ సిస్టరమ్మను చూపిస్తవా?"

"ముక్కుకు గుడ్డ కట్టుకున్నది సారు. కండ్లే కనబడ్డయి."

పర్శరాములు బల్లమీద వేలితో తట్టాడు. "ఇగ చూడుండ్రి. నేనేం ఖాళీగ రాలే. మీ పద్ధతి ప్రకారమే లెక్క తీసిన. ఆ రోజు ప్రసవం గదిల కాన్పులు మూడు. పొద్దున ఆరూ నలభైకి ఒకటి, పదకొండుంపావుకు ఒకటి, సాయంత్రం ఏడూ ఇరవైకి ఒకటి. ముగ్గురు తల్లులకు ముగ్గురు పిల్లలు, కవలలు లేరు. ఒక్కో బిడ్డ వెంట వచ్చే మాయ ఒక్కో పసుపు సంచిల కట్టి గోదాముకు పంపాలె అని నియమం పెట్టింది మీరే కద? గోదాముల సంచులెన్ని? మూడు. నాలుగో కానుపైతే నాలుగో సంచి ఏది? మీ పుస్తకమే మీ ముంగట సాక్ష్యం చెప్తున్నది."

అంతలో పెద్ద డాక్టరు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆసుపత్రి ఆయనదే. తెల్లకోటు, సన్నటి నవ్వు. "మార్కండేయగారూ, లెక్క సరిపోయింది కదా. ఎస్సైగారిని ఎక్కువసేపు ఆపకండి. సోమవారం తనిఖీ. ఆ ఆగస్టు గోదాము పుస్తకంలో కొట్టివేతలు చాలా ఉన్నాయన్నాను, అది తీసేసి శుభ్రంగా కొత్తది రాయించండి." చెప్పి వెళ్లిపోయాడు.

లెక్క సరిపోయింది. మార్కండేయకు నచ్చనిది అదే. ఆ ఆసుపత్రిలో మూడు నెలలుగా ఏ రోజూ ఏ రెండు పుస్తకాలూ మొదటిసారే సరిపోలేదు. డప్పులు, గణపతులు, సగం మంది సిబ్బంది సెలవు ఉన్న రోజునే మూడుకు మూడు పొల్లుపోకుండా సరిపోయాయా?

ఆయన మూడు పుస్తకాలూ పక్కపక్కన పరిచాడు. ఎస్సై అంకెలు లెక్కపెట్టాడు. మార్కండేయ గంటలు చూశాడు.

"పర్శరాములూ, ఇటు రా. సంచులు గోదాముకు ఎన్నింటికి చేరినయో చూడు. పొద్దున ఏడూ అయిదు. సాయంత్రం ఏడూ నలభై అయిదు. ఈ రెండూ సరే, కానుపైన అరగంటలోపల పోయినయి. మరి నడిమిది?"

ఎస్సై వంగి చూశాడు. "నాలుగూ ఇరవై అయిదు."

"కానుపేమో పదకొండుంపావుకు. అయిదు గంటలు ఆ మాయ యాడ ఉన్నది?"

"అదేం పెద్ద ముచ్చట సారు? నేను నిన్ననే అడిగిన. రెండింటికి డ్యూటీకి వచ్చిన రేఖ సిస్టరు చెప్పింది. పొద్దటి వాళ్లు కట్టకుండ వదిలిపెట్టి పోయిండ్రు, తనే కట్టించి పంపింది. పండుగ పూట గాలికి వదిలిపెట్టిండ్రు. బద్ధకం నేరం కాదు."

"కాదు," అన్నాడు మార్కండేయ. ప్రమాదాల పుస్తకం ఎస్సై వైపు తిప్పాడు. ఆ తేదీకి ఒకటే నమోదు. *సాయంత్రం నాలుగూ పదికి, ప్రసవం గదిలో, పసుపు సంచి కడుతుండగా ఆయా దుర్గవ్వకు వాడిన సూది గుచ్చుకున్నది.* "వాడిన సూదిని గది శుభ్రం చేసేటప్పుడే డబ్బాలో వేస్తరు. అయిదు గంటల కిందటి సూది బల్లమీద ఇంకా ఉంటదా?"

"బద్ధకమంటే అన్నిట్ల బద్ధకమే సారు," అన్నాడు ఎస్సై, కానీ ఈసారి గొంతులో మొదటి ధీమా లేదు. "మీకో సంగతి చెప్త. మీరు పుస్తకాలు చదువుతరు, నేను మనుషులను చదువుత. నాకు అయిదింటిదాక టైమున్నది. మీకూ అంతే."

*

గోదాము ఆసుపత్రి వెనక గేటు పక్కన. దాన్ని చూసుకునే నర్సింహులుకు ఆ గది అంటే సొంత పూజగది లెక్క. చెప్పులు బయట విడవమంటాడు. రంగురంగుల డబ్బాలు వరసగా, తూకం, దానికి దారంతో కట్టిన పెన్సిలు.

"బండి ఎప్పుడొస్తది నర్సింహులూ?" అన్నాడు మార్కండేయ.

"నిన్న రావాలె సారు. నిమజ్జనం బందోబస్తు అని రాలే. నలభై ఎనిమిది గంటలు దాటితే మాకు బదనాం, నేను ఫిర్యాదు చీటీ గూడ రాసిపెట్టిన. ఇయ్యాల నాలుగింటికి వస్తనన్నడు."

"ఆ చీటీ చింపెయ్యి. రాకపోవుడే మనకు మేలైంది."

బండి నిన్ననే వచ్చి ఉంటే ఈ పాటికి ఆ సంచులు బూడిద. మార్కండేయ చల్లపెట్టె మూత ఎత్తించాడు. మూడు పసుపు సంచులు, మెడకు అట్టచీటీలు. పర్శరాములు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడ్డాడు. మార్కండేయ తొడుగులు వేసుకుని నడిమి సంచి చీటీ వెలుతురులోకి తిప్పాడు.

టైము పెన్సిలుతో ఉంది, వంకరటింకర అంకెల్లో: నాలుగు, పది. రోగి నెంబరు మాత్రం నీలం పెన్నుతో, ముత్యాల్లాంటి అంకెల్లో ఉంది. చీటీ అంచున ఎండిన నెత్తురు చుక్క.

"టైము ఎవరు రాసిండ్రు?"

"దుర్గవ్వ సారు. ఆమెకు అక్షరాలు రావు, అంకెలే వస్తయి. పెన్సిలుతోటే రాస్తది. నెంబరు గూడ ఆమెనే రాస్తది ఎప్పుడైనా. సిస్టరు చీటీ మీద రాసిస్తే చూసి దించుతది."

మిగతా రెండు చీటీలు చూశాడు. రెండింటి మీదా టైమూ నెంబరూ రెండూ పెన్సిలే, ఒకే వంకర చెయ్యి.

"దుర్గవ్వ ఈ సంచి కట్టినప్పుడు నెంబరు లేదు," అన్నాడు మార్కండేయ. "తర్వాత ఎవరో పెన్నుతో రాసిండ్రు. రాసిన నెంబరు పదకొండుంపావు కానుపు ఆమెది. నాగిరెడ్డిపేట స్వాతిది."

"రేఖ సిస్టరు రాసి ఉంటది. మతలబు ఏముంది?" అన్నాడు ఎస్సై.

"మతలబు ఒక్కటే. స్వాతి సంచి నిజంగ ఏది?"

నర్సింహులు తల వంచుకుని తూకం తుడవడం మొదలుపెట్టాడు. అయితే అతన్నేమీ అడగలేదు. ఒక మనిషి చెప్పాల్సిన మాట ఇంకో మనిషి నోట చెప్పించడం ఆయనకు ఇష్టం ఉండదు.

*

దుర్గవ్వ బట్టలు ఉతికే గదిలో దాక్కున్నట్టు కూర్చుని ఉంది. యాభై ఏళ్లుంటాయి. కుడిచేతి చూపుడువేలికి గుడ్డ. ఎస్సైని చూడగానే లేచి నిలబడి ఏడవడం మొదలుపెట్టింది.

"పర్శరాములూ, జర బయట నిలబడు," అన్నాడు మార్కండేయ.

"నేనెందుకు నిలబడాలె?"

"నువ్వు మనుషులను చదువుతవు కద. ఈమెను దూరంనుంచి చదువు."

పర్శరాములు కళ్లు చిట్లించి చూసి, గడప అవతలికి ఒక్క అడుగు వేశాడు, అంతే. అక్కడినుంచి ప్రతి మాటా వినబడుతుందని ఇద్దరికీ తెలుసు.

మార్కండేయ తలకిందులుగా ఉన్న బకెట్టు మీద కూర్చున్నాడు. "వేలు నొప్పి తగ్గిందా అవ్వా?"

"తగ్గింది సారు."

"సూది గుచ్చుకున్నదని వెంటనే రాయించినవు. మంచిగ చేసినవు. మునుపు ఎవరూ రాయించకపోదురు."

"నువ్వే చెప్తివి గద సారు. దాచిపెడితే పానం మీదికొస్తది, రాయిస్తే నౌకరి పోదు అని."

"ఇప్పుడు గూడ అదే మాట చెప్తున్న. నాగిరెడ్డిపేట ఆమె మాయ ఏడికి పోయింది?"

దుర్గవ్వ ముఖం కొంగులో పెట్టుకుంది.

"ఆ పిల్ల తల్లి చంద్రవ్వ నా కాళ్ల మీద పడ్డది సారు. మాయ పరాయి జాగల పడితే, కాల్చేస్తే, బిడ్డ నిలువదంట వాళ్లకు. అంతకుముందు ఇద్దరు పిల్లలు దక్కలేదంట స్వాతికి. దవాఖానలల్ల కన్నరు, దవాఖానలల్లనే పారేసిండ్రు, అందుకే పోయిండ్రు అన్నది. స్టీలు టిపిన్ తెచ్చుకున్నది. నాకు చెయ్యి ఆడలే సారు. ఇచ్చిన. పైసల్ దీసుకోలే. ఒట్టు."

"తెలుసు."

"సంచి లెక్క తక్కువైతదని పొద్దంత పరేషానైన. నర్సింహులుకు ఏం చెప్పాల్నో అని. మళ్ల నాలుగింటికి ఆ తండా పిల్లది…" ఆమె ఆగిపోయింది.

గడప అవతలి నుంచి పర్శరాములు తల లోపలికి పెట్టాడు.

"చెప్పు అవ్వా."

"తండా పిల్ల కానుపైంది సారు. నేను బల్ల తుడుస్తున్న. బిడ్డ ఏడ్చింది, మంచిగ ఏడ్చింది. నేను మాయ సంచిల కడుతుంటె సూది గుచ్చింది. నెత్తురు కడుక్కుందామని పోయి, మందు పెట్టించుకొని వచ్చేసరికి బిడ్డ లేదు. అయ్యో దక్కలేదు దుర్గవ్వా అన్నది రేఖమ్మ. సంచి మీద నెంబరు ఏం రాయాలె అని అడిగిన. నాకు తెలుసు దుర్గవ్వా, పొద్దటి మాయ నువ్వు ఎవరికిచ్చినవో, ఈ సంచి దాని పేరు మీద పోనీ, నీ తప్పు కూడ మాసిపోతది అన్నది. నేను నోరు మూసుకున్న."

మార్కండేయ మనసులో లెక్క వేసుకున్నాడు. ఒక సంచి తక్కువ, ఒక కానుపు తక్కువ. ఒక తప్పును ఇంకో తప్పు కప్పేస్తే లెక్క అద్దంలా మెరిసింది. నాగిరెడ్డిపేటలో ఒక అమ్మమ్మ మనవరాలి మాయను పాతిపెట్టడానికి పెరట్లో గుంత తవ్వబట్టి, గాంధారి తండాలో ఇంకో పిల్ల పుట్టనే లేదని తేలింది.

పర్శరాములు లోపలికి వచ్చాడు. "మాట బాగున్నది సారు. ఉద్యోగం పోతదని భయపడ్డ మనిషి మాట. కోర్టుల నిలువది. రేఖ సిస్టరు లేదంటె లేదు. నాకు గట్టిది కావాలె."

"అవ్వా," అన్నాడు మార్కండేయ, ఎస్సై వైపు చూడకుండానే. "సూది గుచ్చుకుంటే ఇంకేం చేయాలని చెప్పిన?"

"ఎవరి సూదో వాళ్ల నెత్తురు గూడ చూపించాలె అన్నవు."

"చూపించినవా?"

"చూపించిన సారు. నాకు పిల్లలున్నరు గద. రేఖమ్మ అవుతలి గదిలకు పోయినంక, హరిచంద్‌కు ఆ పిల్ల నెత్తురు నేనే సీసాల పట్టి ఇచ్చిన."

*

హరిచంద్ రక్తపరీక్షల గదిలో పనిచేస్తాడు. కదలని చేతులు, తక్కువ మాటలు. కాగితాల కట్టలోంచి చీటీ తీసి బల్లమీద పెట్టాడు. *18వ తారీకు, 4:35. సూది గాయం. మూలం: ప్రసవం గది.* పేరు గడిలో గీత.

"పేరెందుకు రాయలే?" అన్నాడు ఎస్సై.

"రికార్డు రాలేదు సారు. తర్వాత పంపుతం అన్నరు. రాలేదు." హరిచంద్ వేలితో చివరి వరస చూపించాడు. జబ్బులేవీ లేవు. దాని కింద రక్తం గ్రూపు: బి నెగెటివ్.

"సూది గాయానికి గ్రూపుతోటి ఏం పని?"

"పని లేదు సారు. కాని ప్రసవం గది నుంచి ఏ నెత్తురు వచ్చినా గ్రూపు చూసుడు నా చేతికి అలవాటు. చూడకపోతే తినబుద్ధి కాదు."

మార్కండేయ నాణ్యత పుస్తకం తెరిచాడు. ఆ రోజు కాన్పు అయిన ముగ్గురి గ్రూపులు అందులో ఉన్నాయి. పొద్దున ఆమెది ఏ పాజిటివ్. స్వాతిది ఓ పాజిటివ్. సాయంత్రం ఆమెది కూడా ఓ పాజిటివ్.

మొదట కదిలింది పర్శరాములే. తనే వెళ్లి లాలిని తీసుకొచ్చాడు. ఈసారి ఆమె అడుగు తడబడితే మోచెయ్యి పట్టుకున్నాడు.

హరిచంద్ ఆమె వేలు పట్టుకుని తమ లంబాడి భాషలో ఏదో అన్నాడు. రెండు రోజుల్లో మొదటిసారి లాలి ముఖంలో భయం కాక వేరే ఏదో కనిపించింది. గాజుపలక మీద చుక్కలు పడ్డాయి. గడియారంలో పన్నెండూ పది. ఎస్సై టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. పన్నెండూ పదహారుకు హరిచంద్ తల ఎత్తాడు.

"బి నెగెటివ్."

"నూటికి ఎంతమందికి ఉంటది?" అన్నాడు ఎస్సై, గొంతు తగ్గించి.

"ఒక్కరికి, ఇద్దరికి. అంతే సారు. ఇంకోటి. తల్లి నెగెటివ్, బిడ్డ పాజిటివ్ అయితే తల్లికి డెబ్బై రెండు గంటలల్ల ఒక సూదిమందు పడాలె. లేకుంటే ముందుముందు అయ్యే కాన్పులకు కష్టమైతది."

"ఎన్ని గంటలు మిగిలినయి?"

"రేపు నాలుగింటిదాక."

మార్కండేయ గడియారం చూశాడు. టైము ఉంది. ఆ రోజు ఆయనకు దొరికిన మొదటి మంచిమాట అదే.

పర్శరాములు బయటికి నడిచి కానిస్టేబుల్‌ను పిలిచాడు. "వెనక గోదాము కాడ నిలబడు. నాలుగింటికి చెత్తబండి వస్తది. నడిమి సంచి కదలొద్దు. కదిలితే నిన్ను అదే బండిల ఎక్కిస్త." ఆ తర్వాత మార్కండేయ వైపు తిరిగాడు. "నేను సంచులు లెక్కపెట్టిన. మీరు గడియారం చూసిండ్రు. సరే. రేఖ సిస్టరు ఏడున్నది?"

*

రేఖ ఆ రోజు డ్యూటీకి ముందుగానే వచ్చి చేతులు కడుక్కుంటోంది. ముప్పై ఏళ్ల మనిషి, పనిమంతురాలని పేరు. రక్తం చీటీ, సంచి చీటీ ఆమె ముందు పెట్టి మార్కండేయ ఒకే మాట అడిగాడు.

"బిడ్డ పాలు తాగుతున్నదా?"

ఎక్కడుంది అని అడిగి ఉంటే ఆమె తెలియదనేదేమో. ఆ ప్రశ్నకు మాత్రం ఆమె దగ్గర అబద్ధం సిద్ధంగా లేదు. కుళాయి కట్టేయడం మరిచిపోయి గోడకు ఆనుకుంది.

"తాగుతున్నది," అంది. "ఎల్లారెడ్డిల మా అక్క ఇంట్ల. ఎనిమిదేండ్లు సారు. ఎనిమిదేండ్లు మా అక్క తిరగని గుడి లేదు, దవాఖాన లేదు. ఆ రోజు డాక్టరు రోడ్ల ఇరుక్కపోయిండు, నేనొక్కదాన్నే చేసిన. కాయితం లేదు, పేరు లేదు. తల్లికి సోయి సగం సగం. ఈమె చిన్నది, మళ్ల పుడ్తరు అనుకున్న."

"ఆమె గొంతు విన్నది," అన్నాడు మార్కండేయ.

రేఖ తల ఊపింది. "అదొక్కటే నాకు రెండు రాత్రుల నుంచి నిద్ర పట్టనిస్తలేదు."

ఒంటిగంటంపావుకు జీపు కదిలింది. రెండూ ఇరవైకి ఎల్లారెడ్డిలో రేఖ అక్క ప్రియాంక తలుపు తీసింది. ఆమె ఒళ్లో మెత్తటి పాత చీరలో చుట్టిన పసిగుడ్డు. ఆడపిల్ల. పిడికిళ్లు రెండూ బిగించి నిద్రపోతోంది.

ఖాకీ బట్టలు చూసి ప్రియాంక ఏమీ దబాయించలేదు. "తల్లి ఇష్టపడే ఇచ్చిందన్నది మా చెల్లె," అంది. "నిజం కాదా?"

"కాదమ్మా," అన్నాడు పర్శరాములు. ఆ ఒక్క ముక్క ఆయన అంత మెత్తగా అనగలడని మార్కండేయకు అప్పటిదాకా తెలియదు.

ప్రియాంక లోపలికి వెళ్లి, ఉడికించిన పాలసీసా, నాలుగు మడతబట్టలు సంచిలో సర్ది తెచ్చింది. బిడ్డను మార్కండేయ చేతుల్లో పెడుతూ, "ఎడమపక్క పడుకోబెడితే ఏడ్వది," అంది. జీపు మలుపు తిరిగేదాకా గడపలోనే నిలబడి ఉంది. ఈ కేసులో శిక్ష పడాల్సినవాళ్ల కంటే ముందే ఒకామెకు పడిపోయిందనిపించింది మార్కండేయకు.

*

నాలుగు కావడానికి పది నిమిషాలుండగా బిడ్డ లాలి ఒడిలోకి చేరింది. ఆమె ఏడవలేదు, నవ్వలేదు. బిడ్డ చెవి వెనక, అరచేతులు, కాలివేళ్లు ఒక్కొక్కటే చూసుకుంది, ఊరినుంచి వచ్చిన సామాను మూట విప్పి సరిచూసుకున్నట్టు. తర్వాత గోడవైపు తిరిగి పాలు పట్టింది. గదిలో గుటకల చప్పుడు మాత్రమే.

హరిచంద్ బిడ్డ రక్తం చూశాడు: పాజిటివ్. సాయంత్రం అయిదింటికి, ఎస్సై ఆమెను స్టేషన్‌లో కూర్చోబెడతానన్న గంటకే, లాలికి ఆ సూదిమందు పడింది. ఇరవై మూడు గంటల ముందుగా.

పర్శరాములు భీమ్‌సింగ్ ఎదురుగా నిలబడి టోపీ అటూ ఇటూ తిప్పాడు. "బాపు, పొద్దున నేను తండా అని ఒక మాట అన్న."

"అన్నవు," అన్నాడు భీమ్‌సింగ్.

"అనకపోవలసి ఉండె."

ముసలాయన పక్కకు జరిగి చోటిచ్చాడు. "నీ జీపులనే గద నా మనవరాలు వచ్చింది. ఇగ కూసో. చాయ తాగు."

చాయ అందరికీ వచ్చింది. మార్కండేయకు కూడా. రేఖను మహిళా కానిస్టేబుల్‌తో స్టేషన్‌కు పంపారు. దుర్గవ్వ మీద ఏం చర్య తీసుకోవాలో తన పుస్తకంలో రాస్తూ మార్కండేయ ఇలా రాశాడు: *సూది గాయం దాచలేదు. మూలం రక్తం పరీక్ష చేయించింది. అందువల్ల ఒక బిడ్డ దొరికింది. మాయ అడిగే తల్లులకు ఏ పద్ధతిన ఇవ్వాలో మనమే ఒక నియమం రాసుకోవాలి. అది లేకపోవడం ఆమె తప్పు కాదు.*

ఏడుంపావుకు నర్సింహులు వచ్చాడు. చెప్పులు చేత పట్టుకుని వచ్చాడు. చంకలో ఆగస్టు పుస్తకం.

"సారు, మీరు గంటలు చూసినట్టు నేను గూడ చూసిన. పొద్దుపోక." పుస్తకం తెరిచి ఒక వరస మీద వేలు పెట్టాడు. "ఆగస్టు ఇరవై ఏడు. కాన్పులు రెండు. సంచులు మూడు."

మార్కండేయ కళ్లద్దాలు సవరించుకున్నాడు. మూడో సంచి చీటీ నెంబరు గడిలో కొట్టివేత. "కవలలా?"

"ఒక్కొక్కరే సారు. నాణ్యత పుస్తకం చూసిన."

"రేఖ…"

"ఆ వారమంత సెలవు మీద ఉన్నది సారు. డ్యూటీ పట్టిక గూడ తెచ్చిన."

పట్టికలో ఆ పూట ప్రసవం గది గడిలో ఒకే సంతకం ఉంది. దాన్ని మార్కండేయ మూడు నెలలుగా ప్రతి కాగితం అడుగునా చూస్తున్నాడు. పొద్దున తలుపు దగ్గర నిలబడి, ఈ పుస్తకమే తీసేసి కొత్తది రాయించమన్న మనిషిది.

ఎక్కడో ఇంకో తల్లి, బిడ్డ దక్కలేదనే మాట నమ్మి ఇంటికి పోయింది. ఆమె ఏడుపు వినలేదేమో. వినీ, ఎవరు నమ్ముతారని ఊరుకుందేమో.

వరండాలో అడుగుల చప్పుడు. పెద్ద డాక్టరు ఇంటికి బయల్దేరుతూ గది ముందు ఆగాడు. "బిడ్డ దొరికిందట. చాలా సంతోషం. ఆగస్టు పుస్తకం సంగతి ఏం చేశారు మార్కండేయగారూ?"

మార్కండేయ చాయ గ్లాసు మెల్లగా ఆ పుస్తకం మీదే పెట్టాడు. "దాని పనే చేస్తున్నం సార్. ఒక్క అక్షరం పోకుండా చూస్త."

డాక్టరు నవ్వు అలాగే ఉంది. కళ్లు మాత్రం గ్లాసు మీద ఒక్క క్షణం నిలిచాయి. తర్వాత అడుగుల చప్పుడు దూరమైంది. మార్కండేయ పుస్తకాన్ని, పట్టికను తన చేతిసంచిలో పెట్టుకుని, పర్శరాములు నెంబరు కాగితం మీద రాసి నర్సింహులు చేతికిచ్చాడు. "నేను రేపు పొద్దున ఎనిమిదింటికి రాకపోతే ఈ నెంబరుకు ఫోన్ చెయ్యి. ఎందుకని ఇప్పుడు అడగకు."

మెట్లు దిగబోతూ వార్డు వైపు చూశాడు. లాలి నిద్రపోతోంది. బిడ్డ ఆమె ఎడమపక్కన ఉంది. భీమ్‌సింగ్ మంచం కాళ్ల దగ్గర తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. గుడ్డ కట్టిన వేలితో దుర్గవ్వ దీపం ఆర్పి, ఒక్కసారి బిడ్డ ఊపిరి విని, బయటికి వచ్చి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది.